అదను దాటకముందే: పిల్లల నరాల జబ్బులు, మూలకణ చికిత్స



ఏడాది నిండేసరికి చక్కగా అడుగులు వేసిన బిడ్డ రెండో ఏట తూలి పడటం మొదలుపెడితే, ఇంట్లో పెద్దవాళ్లు మొదట బలహీనత అనుకుంటారు. టానిక్కులు తాగిస్తారు, కాళ్లకు నూనె రుద్దుతారు. కొందరు దిష్టి తగిలిందంటారు, గాలి సోకిందంటారు. నాలుగు నెలలు, ఆరు నెలలు ఇలాగే గడిచిపోతాయి. వచ్చిన మాటలు కూడా పోతున్నాయని గమనించాక అనంతపురానికో బెంగళూరుకో బయలుదేరుతారు. అక్కడ తలకు స్కానింగ్ తీసి ఒక జబ్బు పేరు చెబుతారు. ఆ పేరు పలకడానికే నోరు తిరగదు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు, "ఫలానా సిటీలో స్టెమ్ సెల్స్ ఎక్కిస్తారంట, నయమవుతుందంట" అని చెవిన వేస్తారు.

బెళుగుప్ప, ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు ఒక్క వాన తప్పితే ఏడాదంతా అప్పే. అలాంటి చోట ఉన్న మూడెకరాలు అమ్మి ఆ ఇంజెక్షన్లు వేయించాలా వద్దా అన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ ప్రశ్న ఏ ఇంటికి ఎదురైనా ఉపయోగపడాలని ఈ వ్యాసం.

అసలు సంగతి ముందే చెబుతాం. స్టెమ్ సెల్ చికిత్స అంటే మూలకణ చికిత్స. అది అబద్ధం కాదు. ఈ జాతి జబ్బుల్లో కొన్నింటికి నిజంగా పనిచేస్తుంది. అయితే అది విత్తనం లాంటిది. అదనులో వేస్తేనే పంట. అదను దాటాక ఎంత మంచి విత్తనం వేసినా ఫలం ఉండదని వేరుశనగ పండించే మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఏమిటీ జబ్బులు?

బోరు మోటారుకు వెళ్లే కేబులు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఊడిపోతే లోపల రాగి తీగ ఉన్నా కరెంటు సరిగా అందదు, మోటారు తిరగదు. మన మెదడులోనూ, నరాల మీదా అలాంటి తెల్లటి కొవ్వు తొడుగు ఉంటుంది. దాన్ని మైలిన్ అంటారు. మెదడు ఇచ్చే ఆజ్ఞ కాలికి, చేతికి, నాలుకకు వేగంగా చేరేది ఈ తొడుగు వల్లనే.

కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఒక ఎంజైమ్ లోపిస్తుంది. ఎంజైమ్ అంటే శరీరంలో పాత పదార్థాన్ని విరగ్గొట్టి శుభ్రం చేసే పనివాడు. ఆ పనివాడు లేకపోతే ఒక రకం కొవ్వు పదార్థం రోజురోజుకూ పేరుకుపోయి నరాల తొడుగును పాడుచేస్తుంది. ఈ జాతి జబ్బులన్నింటినీ కలిపి ల్యూకోడిస్ట్రోఫీలు అంటారు. వీటిలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రోఫీ, క్లుప్తంగా ఎం.ఎల్.డి. ఇందులో ఎక్కువగా కనిపించే రకం రెండున్నరేళ్లలోపే బయటపడుతుంది. నడిచే బిడ్డ నడక మానేస్తుంది. రెండోది క్రాబే జబ్బు. ఎక్కువమందిలో పుట్టిన ఆరు నెలల్లోపే మొదలవుతుంది. బిడ్డ ఎడతెగని ఏడుపు, కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం, పాలు తాగలేకపోవడం దీని గుర్తులు. మూడోది అడ్రినోల్యూకోడిస్ట్రోఫీ, క్లుప్తంగా ఎ.ఎల్.డి. పిల్లల్లో మెదడుకు సోకే రకం మగపిల్లలకే వస్తుంది. నాలుగేళ్లకూ పదేళ్లకూ మధ్య ఎక్కువగా బయటపడుతుంది. బాగా చదివే పిల్లవాడు వెనకబడతాడు, చెప్పింది విననట్టు ఉంటాడు, చూపు మందగిస్తుంది. అల్లరి అనీ అశ్రద్ధ అనీ బడిలో దెబ్బలు తిన్న తరువాత గానీ జబ్బు అని తెలియకపోవచ్చు.

ఎలా వస్తాయి?

ఎం.ఎల్.డి., క్రాబే జబ్బులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిసినప్పుడే వస్తాయి. ఒక్క జన్యువులో లోపం ఉన్న మనిషి నిండు ఆరోగ్యంగా ఉంటాడు. తనలో లోపం ఉందన్న సంగతే అతనికి తెలియదు. అలాంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ నూటికి 25 పాళ్లు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. ఒక బిడ్డకు వచ్చింది కదా, తరువాతి ముగ్గురికీ రాదులే అనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే.

మేనరికాల మాట ఇక్కడే వస్తుంది. అక్క కూతురిని చేసుకోవడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం మన వైపు తరతరాలుగా ఉన్నదే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యవే. ఒకే తాత ఆస్తి ఇద్దరికీ వచ్చినట్టే, ఆయనలో ఉన్న జన్యులోపం కూడా ఇద్దరికీ వచ్చి ఉండవచ్చు. అందుకే ఇలాంటి అరుదైన జబ్బులు మేనరికపు కుటుంబాల్లో ఎక్కువ కనబడతాయి. అలాగని మేనరికం చేసుకున్న వాళ్లందరూ భయపడనక్కరలేదు. వాళ్లలో ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. కుటుంబంలో ఒక బిడ్డ ఇలా పోయినా, మంచాన పడినా మాత్రం తరువాతి మేనరికానికి ముందు డాక్టరును కలవడం అవసరం.

ఎ.ఎల్.డి. దారి వేరు. అది తల్లి వైపు నుంచి వస్తుంది. లోపం మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ సగానికి సగం అవకాశం ఉంటుంది. దీనికి మేనరికంతో సంబంధం లేదు.

ఏ రకమైనా తల్లి తప్పు లేదు, తండ్రి తప్పు లేదు, ఎవరి శాపమూ కాదు. "నీ వైపు నుంచే వచ్చింది" అని కోడలిని ఆడిపోసుకునే ఇళ్లలో రెండు బాధలవుతాయి. బిడ్డ జబ్బు ఒకటి, తల్లి ఒంటరితనం ఒకటి.

మూలకణాలు ఏం చేస్తాయి?

మన ఎముకల్లోని మూలుగలో రక్తకణాలను పుట్టించే మూలకణాలు ఉంటాయి. రక్తమంతా తయారయ్యేది వాటి నుంచే. జబ్బు బిడ్డ మూలుగను మందులతో ఖాళీ చేసి, దాని చోట ఆరోగ్యవంతుని మూలకణాలు ఎక్కిస్తే కొత్త రక్తకణాలు పుడతాయి. వాటిలో కొన్ని మెల్లగా మెదడులోకి చేరి అక్కడే కుదురుకుని, లోపించిన ఎంజైమ్‌ను తయారుచేస్తాయి. దీనినే మూలుగ మార్పిడి అంటారు.

ఇది కొత్తది కాదు. మన తెలుగు కుటుంబాలు ఎప్పటినుంచో వెళ్లే వేలూరు సి.ఎం.సి. మిషన్ ఆసుపత్రిలో మూలుగ మార్పిడి 1986లోనే మొదలైంది. అక్కడ ముఖ్యంగా తలసేమియా వంటి రక్త జబ్బుల పిల్లలకు చేశారు. నరాల జబ్బుల విషయానికొస్తే, ఎ.ఎల్.డి. తొలిదశలో ఉన్న ఒక పిల్లవాడికి మార్పిడి చేశాక జబ్బు గుర్తులు వెనక్కి తగ్గాయని ఫ్రాన్సు డాక్టర్లు 1990లో ప్రకటించారు. ఎ.ఎల్.డి.కి తొలిదశలో ఇప్పటికీ ఇదే ముఖ్యమైన చికిత్స.

ఇది సూది వేసి ఇంటికి పంపే వైద్యం కాదు. బిడ్డ వారాల తరబడి ప్రత్యేక గదిలో ఉండాలి. ఇన్ఫెక్షన్లు సోకవచ్చు. వచ్చిన కణాలు బిడ్డ శరీరం మీదే తిరగబడవచ్చు. ప్రాణాపాయం కూడా ఉంటుంది. దాత కణాలు సరిపోవాలి. తోడబుట్టిన వాళ్లలో ఒక్కొక్కరితో సరిపోయే అవకాశం నూటికి 25 మాత్రమే. ఆ తోడబుట్టిన బిడ్డకు అదే జబ్బు లేదని కూడా ముందుగా తేల్చుకోవాలి.

అదను అని ఎందుకంటున్నాం?

కొత్త కణాలు మెదడుకు చేరి పని మొదలుపెట్టడానికి చాలా నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఈలోపు జబ్బు ఆగదు. ఊడిపోయిన తొడుగు, చచ్చిపోయిన నరం తిరిగి రావు. మార్పిడి చేయగలిగేది మిగిలి ఉన్నదాన్ని కాపాడటం మాత్రమే. పొలం పచ్చగా ఉండగా కంచె వేస్తే పైరు నిలుస్తుంది. మేకలు మేసిపోయాక వేస్తే కంచె మాత్రమే నిలుస్తుంది.

దీనికి 2005లో అమెరికాలో ప్రచురించిన క్రాబే జబ్బు పరిశోధన మంచి ఉదాహరణ. ఇతర శిశువుల బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలను రెండు గుంపుల పిల్లలకు ఎక్కించారు. మొదటి గుంపులో 11 మంది పసికందులు. కుటుంబంలో జబ్బు ఉందని ముందే తెలిసి, గుర్తులు కనబడకముందే, పుట్టిన నెలన్నరలోపే చికిత్స చేశారు. పరిశోధన కాలంలో 11 మందీ బతికారు. రెండో గుంపులోని 14 మందికి జబ్బు గుర్తులు కనబడ్డాకే చేశారు. వాళ్లలో బతికింది ఆరుగురు. ఆ ఆరుగురిలోనూ చెప్పుకోదగ్గ మెరుగు లేదు. మందు ఒకటే, తేడా వేళలోనే. మొదటి గుంపు పిల్లల్లో కూడా చాలామందికి పెరిగేకొద్దీ నడకలో ఇబ్బందులు వచ్చాయని తరువాత తేలింది. కాబట్టి అదనులో చేసినా పూర్తిగా నయమవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఎం.ఎల్.డి.లో మరీ పసితనంలో మొదలయ్యే రకానికి మామూలు మార్పిడి అంతగా పనిచేయదు. దానికి కొత్త మార్గం వచ్చింది. దాత అవసరం లేకుండా బిడ్డ మూలకణాలనే బయటికి తీసి, లోపమున్న జన్యువుకు బదులు మంచి జన్యువును వాటిలో చేర్చి తిరిగి ఎక్కిస్తారు. దీన్ని జన్యు చికిత్స అంటారు. ఐరోపాలో 2020లో, అమెరికాలో 2024 మార్చిలో దీనికి అనుమతి వచ్చింది. అమెరికాలో పెట్టిన ధర 42 లక్షల 50 వేల డాలర్లు, అంటే మన లెక్కలో 35 కోట్ల రూపాయలకు పైగా. అంత ఖరీదైన మందు కూడా గుర్తులు కనబడకముందు, లేదా చిన్నతనంలో కొంత ఆలస్యంగా మొదలయ్యే రకంలో తొలి గుర్తుల దశలో మాత్రమే. నడక పోయిన పసిబిడ్డకు కోట్లున్నా ఇవ్వరు.

ఎ.ఎల్.డి.కి కూడా ఇలాంటి జన్యు చికిత్సకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. తరువాత చికిత్స పొందిన పిల్లల్లో కొందరికి రక్త క్యాన్సర్ వచ్చింది. ఎంతో జాగ్రత్తగా చేసిన చోటే ఇలా జరిగిందంటే, లెక్కాపత్రం లేని చోట ఎక్కించే కణాల సంగతి ఆలోచించండి.

ఇంజెక్షన్ల ప్రకటనలు

మూలుగ మార్పిడి వేరు, నడుము దగ్గర నుంచో సెలైన్ ద్వారానో "స్టెమ్ సెల్స్" ఎక్కించి పంపేయడం వేరు. రెండింటికీ పేరు ఒకటే కావడంతో కుటుంబాలు మోసపోతున్నాయి.

అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే పుట్టు నరాల జబ్బు ఉన్న ఒక ఇజ్రాయెల్ బాలుడికి తొమ్మిదో ఏట నుంచి మాస్కోలో పిండాల నుంచి తీసిన నరాల మూలకణాలు ఎక్కించారు. పదమూడో ఏట అతని మెదడులో, వెన్నులో గడ్డలు కనబడ్డాయి. పరీక్ష చేస్తే ఆ గడ్డ దాతల కణాల నుంచి పెరిగినదని తేలింది. ఈ సంగతి 2009లో వైద్య పత్రికలో వచ్చింది. జబ్బు తగ్గలేదు సరికదా, కొత్త జబ్బు వచ్చింది.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నియమాలు స్పష్టంగా ఉన్నాయి. ఆమోదించిన జబ్బులకు చేసే మూలుగ మార్పిడిని వదిలిపెడితే, మూలకణాలను మామూలు వైద్యంగా అమ్మకూడదు. ఇవ్వదలిస్తే అనుమతి పొందిన పరిశోధనలోనే ఇవ్వాలి. ఆ పరిశోధనలో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ప్రకటనలు ఇవ్వకూడదు.

కాబట్టి ఎవరైనా స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామంటే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఇది ఆమోదించిన మూలుగ మార్పిడా, పరిశోధనా?
2. పరిశోధన అయితే దేశ క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలో దాని నంబరు ఎంత?
3. పరిశోధన అయితే మా దగ్గర డబ్బు ఎందుకు అడుగుతున్నారు?
4. మా బిడ్డ జబ్బుకే, మా బిడ్డ ఉన్న దశలోనే ఇది పనిచేసిందని ఎక్కడ ప్రచురించారు?

సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. పొలం కాగితాలు పెట్టెలోనే ఉండనివ్వండి.

బొడ్డుతాడు రక్తం దాచుకోమని గర్భిణులకు ప్రైవేటు బ్యాంకులు చెప్పే మాటల గురించి కూడా చాలామంది అడుగుతారు. జన్యు జబ్బుతో పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంలో కూడా అదే లోపం ఉంటుంది. కాబట్టి అదే బిడ్డ జబ్బుకు అది పనికిరాదు. ఇంట్లో మూలుగ మార్పిడి అవసరమైన పెద్దబిడ్డ ఉంటే, తరువాతి కాన్పులో దాచడం గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. మిగతావాళ్లు ఆ డబ్బు ఖర్చుపెట్టనక్కరలేదు.

ఎప్పుడు అనుమానించాలి?

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: వచ్చిన పని పోవడం. ఆలస్యంగా నడిచే పిల్లలు చాలామంది ఉంటారు. అది వేరు. నడక వచ్చి పోయినా, మాట వచ్చి పోయినా, చదువు వచ్చి పోయినా ఒక్క వారం కూడా ఆగవద్దు. పుట్టినప్పుడు ఊపిరి అందక వచ్చే మెదడు దెబ్బ ఏళ్లు గడిచేకొద్దీ ముదరదు. ముదురుతున్నదంటే వేరే జబ్బు కోసం వెతకాలి. మగపిల్లల్లో చదువు తగ్గడంతోపాటు ఒళ్లు నల్లబడటం, తరచు వాంతులు, నీరసం ఉంటే ఎ.ఎల్.డి. పరీక్ష తప్పనిసరి. అందులో అడ్రినల్ గ్రంథి కూడా దెబ్బతింటుంది. దానికి చవకైన మాత్రలే ప్రాణం నిలుపుతాయి.

ఎక్కడికి వెళ్లాలి?

అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి బిడ్డను చూపించండి. 2013లో మొదలైన ఈ కార్యక్రమం పిల్లల ఎదుగుదల లోపాలను కనిపెట్టడానికే. అక్కడి నుంచి పిల్లల డాక్టరు, తరువాత ఎం.ఆర్.ఐ. స్కానింగ్, రక్తంలో ఎంజైమ్ పరీక్ష, జన్యు పరీక్ష. ఎ.ఎల్.డి.కి రక్తంలో ఒక రకం కొవ్వు ఆమ్లాల పరీక్ష చాలు.

కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన జబ్బుల విధానం ప్రకటించింది. దాని కింద గుర్తించిన పెద్ద కేంద్రాల్లో హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి ఒకటి. బెంగళూరులో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి కలిసి ఒకటి. మన వాళ్లకు బెంగళూరే దగ్గర. 2022లో సవరించిన ప్రకారం అర్హత ఉన్న బిడ్డకు 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంటుంది. డబ్బు కుటుంబం చేతికి రాదు, చికిత్స చేసే కేంద్రానికే వెళ్తుంది. మూలుగ మార్పిడితో బాగుపడే జబ్బుల జాబితాలో ఎ.ఎల్.డి. కూడా ఉంది. నరాల గుర్తులు గట్టిగా కనబడకముందే అన్న షరతు అక్కడా ఉంది. ప్రభుత్వ కాగితం కూడా అదనే అడుగుతోంది.

పెద్దబిడ్డ పేరు, చిన్నబిడ్డ ప్రాణం

గుర్తులు రాకముందే చికిత్స చేయాలంటే, గుర్తులు లేని బిడ్డకు జబ్బు ఉందని ఎలా తెలుస్తుంది? అమెరికాలో పుట్టిన ప్రతి శిశువుకూ మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. చేయదగిన పరీక్షల జాబితాలో 2016లో ఎ.ఎల్.డి.ని చేర్చారు. మన పల్లెల్లో ఆ ఏర్పాటు లేదు. ఇక్కడ మనకు తెలిసే దారి ఒక్కటే. ఇంట్లో మొదట జబ్బుపడిన బిడ్డ.

అందుకే "ఈ బిడ్డకు ఎలాగూ నయం కాదన్నారు, ఇంక పరీక్షలకు డబ్బులెందుకు" అనకండి. జబ్బుకు ఖాయమైన పేరు, జన్యులోపం ఏదన్న కాగితం మీ ఇంట్లో ఉండాలి. ఆ కాగితంతో తమ్ముడినీ చెల్లెలినీ పరీక్షించవచ్చు. ఎ.ఎల్.డి. లోపం ఉన్న తమ్ముడికి మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు ఆరు నెలలకోసారి ఎం.ఆర్.ఐ. తీస్తూ, మెదడులో తొలి మచ్చ కనబడగానే మార్పిడి చేయవచ్చు. పిన్ని కొడుకులకూ చెప్పవచ్చు. మళ్లీ గర్భం వస్తే మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవచ్చు. ఆ పరీక్ష కావాలా, ఫలితం వచ్చాక ఏం చేయాలి అన్నది భార్యాభర్తలు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవలసిన విషయం. పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే చికిత్సకు సిద్ధపడటానికైనా ఆ పరీక్ష పనికొస్తుంది.

అదను దాటిన బిడ్డకు

మార్పిడి వేళ దాటిపోయిందంటే వైద్యం అయిపోయిందని కాదు. బిగుసుకున్న కండరాలకు మందులున్నాయి. మూర్ఛలకు మందులున్నాయి. మింగలేని బిడ్డకు ముక్కు గొట్టంతోనో, పొట్టకు అమర్చే గొట్టంతోనో ఆహారం ఇవ్వవచ్చు. కూర్చోబెట్టి మెత్తగా తినిపిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసే ముప్పు తగ్గుతుంది. రెండు గంటలకోసారి పక్క మారిస్తే పుండ్లు పడవు. ఫిజియోథెరపీ ఇంట్లో తల్లే నేర్చుకుని చేయవచ్చు. నొప్పి లేకుండా, ఆకలి లేకుండా, అమ్మ గొంతు వింటూ గడిపే రోజులు బిడ్డకు విలువైనవి.

సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. రాష్ట్రంలో 2024 జూలైలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు, పూర్తిగా మంచాన పడిన వారికి 15,000 రూపాయలకు పెరిగింది. అర్హత గురించి గ్రామ సచివాలయంలో అడగండి.

సంఘ కుటుంబాలకు ఒక మనవి. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు కొత్త కొత్త వైద్యాల పేర్లు చెప్పకండి. చందా పోగుచేస్తే తెలియని క్లినిక్కు ఫీజుకు కాకుండా, జన్యు పరీక్షకు, బెంగళూరు బస్సు చార్జీలకు ఇవ్వండి. వారానికి ఒక పూట బిడ్డ దగ్గర కూర్చుని, రాత్రంతా మేలుకున్న తల్లిని రెండు గంటలు నిద్రపోనివ్వండి. పెళ్లి సంబంధాల విషయంలో సలహాకు వచ్చే కుటుంబాలకు సంఘ పెద్దలు ఈ జబ్బుల మాట కూడా చెప్పండి.

గుర్తుంచుకోండి

- వచ్చిన నడక, మాట, చదువు పోతుంటే వెంటనే డాక్టరు దగ్గరికి.
- జబ్బు పేరు ఖాయం చేసుకోండి. కాగితాలన్నీ ఒకే సంచిలో దాచండి.
- తోడబుట్టిన వాళ్లకు ఆరోగ్యంగా ఉండగానే పరీక్ష చేయించండి.
- మూలుగ మార్పిడి తొలిదశలోనే. డబ్బు తీసుకుని ఎక్కించే స్టెమ్ సెల్ ఇంజెక్షన్లకు దూరంగా ఉండండి.
- పొలం అమ్మే ముందు జన్యు వైద్యుల కేంద్రంలో రెండో అభిప్రాయం తీసుకోండి.